పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఒకరు కాదు: సంస్థ కాంటాక్ట్ లిస్టులో డబుల్ ఎంట్రీలు తీసే పద్ధతి

మీ సంస్థ చిన్నదే కావచ్చు, కానీ నాలుగైదేళ్లు పని చేసి ఉంటే లిస్టులో ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఉండి తీరతాడు. రక్తదాన శిబిరంలో కాగితం మీద ఒకసారి రాసుకుంటారు, విరాళం ఇచ్చినప్పుడు రసీదు పుస్తకం నుంచి ఇంకోసారి ఎక్కుతుంది, తర్వాత ఎవరో వాట్సాప్‌లో గూగుల్ ఫారం లింకు పంపితే అందులోనూ నింపుతాడు, ఈ మూడూ ఎప్పుడో ఒకరోజు ఒకే ఎక్సెల్ షీట్‌లోకి చేరిపోతాయి. అనంతపురం చుట్టుపక్కల పనిచేసే చిన్న సంస్థలకు పనికొస్తుందని ఇది రాస్తున్నా. కడప, కర్నూలు వాళ్లకూ పెద్ద తేడా ఏమీ ఉండదు, పేర్ల తిప్పలు అందరివీ ఒకటే.

డబుల్ ఎంట్రీలు ఉంటే ఏమవుతుందిలే, ఒక ఎస్ఎంఎస్ ఎక్కువ పోతుంది అంతే కదా అనుకోకండి. రక్తదాతల సంగతే చూడండి. ఒకసారి రక్తం ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఒక మనిషికి రెండు రికార్డులుండి, పోయిన నెల ఇచ్చిన తేదీ ఒకదాంట్లోనే పడి ఉంటే, అర్ధరాత్రి ఎమర్జెన్సీ వచ్చినప్పుడు మీ వాలంటీర్ రెండోది చూసి ఫోన్ చేస్తాడు. ఆ దాత మంచితనం కొద్దీ కళ్యాణదుర్గం నుంచి బండేసుకుని వస్తాడు, బ్లడ్ బ్యాంకులో అడిగి వెనక్కి పంపేస్తారు, అక్కడ పేషెంట్ తాలూకు వాళ్లకు గంటన్నర వృథా. విరాళాలకూ ఇదే గొడవ. 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్న సంస్థలు 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలు పన్ను శాఖకు 10బీడీ ఫారంలో పాన్ లాంటి గుర్తింపు నంబరుతో సహా పెట్టి, వాళ్లకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. ఒకే దాత రెండు పేర్లతో ఉండి ఒకచోట అలాంటి నంబరు ఏదీ లేకపోతే, ఆ డబ్బుకు సర్టిఫికెట్ రాదు, ఆయన ఆడిటర్ మీకు ఫోన్ చేస్తాడు, అదీ సరిగ్గా గడువు దగ్గర పడ్డప్పుడు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. డూప్లికేట్ ఒకటి మిగిలిపోయినా నష్టం కొంతే, తర్వాత ఎప్పుడైనా దొరుకుతుంది. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని తప్పుగా కలిపేస్తే మాత్రం వాళ్ల విరాళాలు, బ్లడ్ గ్రూపులు, ఫోన్లు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆర్నెల్ల తర్వాత విడదీయడం ఎవరివల్లా కాదు. అందుకే అనుమానం ఉన్న జంటను కలపకుండా పక్కన పెట్టండి. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, ఎన్ని వరుసలు తగ్గించామన్నదే లెక్కగా పెట్టుకుంటారు, ఆ లెక్క అసలు పెట్టుకోకపోవడం మేలు.

ఇంక పనిలోకి. అన్ని షీట్లనూ ఉన్నవి ఉన్నట్టు ఒక ఫోల్డర్‌లో కాపీ చేసి, ఫైలు పేరులో తేదీ పెట్టి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోనో డ్రైవ్‌లోనో కూడా ఉంచండి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. పని చేసే కాపీలో రెండు కొత్త కాలమ్‌లు పెట్టండి: ఒకటి ప్రతి వరుసకూ మారని నంబరు, రెండోది ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో (శిబిరం, రసీదు పుస్తకం, గూగుల్ ఫారం). ఈ రెండోది చూడ్డానికి అక్కర్లేనిదిగా ఉంటుంది కానీ తర్వాత ఏ సమాచారం నమ్మాలో తేల్చేది అదే. రసీదు పుస్తకంలోని పేరు మనిషి దగ్గరుండి చెప్పి రాయించుకున్నది, శిబిరంలోది హడావుడిలో ఎవరో విని రాసుకున్నది.

ఎక్సెల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ అనే బటన్ ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ డేటా క్లీనప్ కింద అదే ఉంటుంది. దాన్ని ఇప్పుడే నొక్కకండి. ఫోన్ నంబరు కాలమ్ ఒక్కటే టిక్ చేసి నొక్కితే, ఒకే నంబరున్న వరుసల్లో పైన ఉన్నదాన్ని ఉంచి మిగతావన్నీ అడగకుండా తీసేస్తుంది. కింద వరుసలో పాన్ ఉందా, పోయిన నెల తేదీ ఉందా అనేది దానికి అక్కర్లేదు. ఆ బటన్ పనికొచ్చేది ఒక్కచోటే: ఒకే ఫైలును పొరపాటున రెండుసార్లు పేస్ట్ చేసి, మీరు కొత్తగా పెట్టిన కాలమ్‌లు తప్ప మిగతా కాలమ్‌లన్నీ అక్షరం తేడా లేకుండా ఒకటే అయినప్పుడు.

మొదట ఫోన్ నంబర్లు బాగుచేయండి, మన దగ్గర అన్నింటికంటే నమ్మదగ్గ ఆధారం అదే. ఈమెయిల్ చాలామందికి ఉండదు, ఉన్నా పిల్లలు తీసిచ్చింది, పాస్‌వర్డ్ కూడా గుర్తుండదు. నంబర్లు ఎన్ని రకాలుగా ఉంటాయో మీకు తెలుసు: ముందు ప్లస్ 91, ముందు సున్నా, మధ్యలో ఖాళీ, మధ్యలో గీత. కొత్త కాలమ్ తెరిచి సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో ఖాళీలు, గీతలు తీసేసి, రైట్ ఫార్ములాతో చివరి 10 అంకెలు తీసుకోండి. అంతకంటే ముందు ఒకే గడిలో స్లాష్ పెట్టి రెండు నంబర్లు రాసినవి వెతికి రెండు కాలమ్‌లుగా విడదీయాలి, లేకపోతే చివరి 10 అంకెలే మిగిలి మొదటి నంబరు పోతుంది. వచ్చినదాంట్లో 6, 7, 8, 9 తప్ప వేరే అంకెతో మొదలయ్యేది మొబైల్ నంబరు కాదు. మన ల్యాండ్‌లైన్లు మాత్రం ముందు సున్నా పోయాక 8తోనే మొదలవుతాయి (అనంతపురానికి 08554, కడపకు 08562, కర్నూలుకు 08518), వాటిని మొబైల్ అనుకోకుండా విడిగా చూసుకోండి. ఇంకో ప్రమాదం, 91తో కలిపి ఉన్న నంబరును ఎక్సెల్ ఒక్కోసారి మధ్యలో 'ఈ ప్లస్ 11' అని పెట్టి కుదించి చూపిస్తుంది. గడి ఫార్మాట్‌ను నంబర్‌గా మారిస్తే మొత్తం కనిపిస్తుంది కానీ, అలా కుదించి ఉన్నప్పుడే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు నిజంగానే పోతాయి, మళ్లీ పాత ఫైలుకే వెళ్లాలి. ఫోన్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

నంబర్లు శుభ్రమయ్యాక పక్క కాలమ్‌లో కౌంట్‌ఇఫ్ పెడితే ఏ నంబరు ఎన్నిసార్లు ఉందో వస్తుంది, ఒకటి కంటే ఎక్కువున్నవి ఫిల్టర్ చేసి, నంబరు వరుసలో సార్ట్ చేయండి. ఇప్పుడు ఒకే నంబరున్నవన్నీ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

అలా వచ్చినవన్నీ ఒకే మనిషి కాదు. పల్లెల్లో ఇంటికి ఒక ఫోనే ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మొగుడి నంబరే పెళ్లాందీ, కొడుకు నంబరే ముసలాయనదీ. మహిళా సంఘం సభ్యుల జాబితాలో అయితే లీడర్ నంబరే పది మందికి రాసి ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది, మన వైపు అన్నదమ్ములకు ఒకే దేవుడి పేరు పెట్టి ముందు పెద్ద, చిన్న అని చేరుస్తారు కదా: పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు, పెద్ద మద్దిలేటి, చిన్న మద్దిలేటి. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఫోన్ ఒకటే, ఎంట్రీ చేసినవాళ్లు పెద్ద, చిన్న అనే ముక్కను 'పి', 'సి' అని ఇనిషియల్‌గా కుదించేసి ఉంటారు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇవి డూప్లికేట్లే అని ఘంటాపథంగా చెబుతుంది. అహోబిలం, మద్దిలేటి, కదిరి నరసింహ స్వాముల పేర్లు ఎన్ని ఇళ్లలో ఉంటాయో ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఒక్క ఊళ్లోనే ఒకే పేరుతో సంబంధం లేని ముగ్గురు నలుగురు దొరుకుతారు.

అందుకని నేను చెప్పేది, ఫోన్ ఒక్కటే సరిపోదు, పేరు ఒక్కటే అసలే సరిపోదు. ఫోన్ కలిసి పేరూ కలిస్తే దాదాపు ఖాయం. ఫోన్ కలిసి పేరు వేరైతే కుటుంబమే ఎక్కువ, లేదా ఆ నంబరు ఒకరు వదిలేస్తే కంపెనీ ఇంకొకరికి ఇచ్చి ఉండొచ్చు, వాడకం ఆగిన నంబర్లను కొన్నాళ్లు పోయాక మళ్లీ కేటాయిస్తారు. పేరు, ఊరు కలిసి ఫోన్ వేరైతే ఆగి చూడండి, ఎందుకంటే బెంగళూరుకు పనికి పోయి కొత్త సిమ్ తీసుకున్న మనిషి కావచ్చు, అదే పేరున్న ఇంకో మనిషి కావచ్చు. పుట్టిన తేదీ మంచి ఆధారంలా కనిపిస్తుంది కానీ పెద్దవాళ్ల విషయంలో నమ్మకండి, అసలు తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 అని పడ్డవాళ్లు మన దగ్గర బోలెడుమంది.

పాన్ కలిస్తే మాత్రం మనిషి ఒకరే. దాంట్లో ఇంకో సౌకర్యం ఉంది. 10 అక్షరాల్లో నాలుగోది ఎవరి పానో చెబుతుంది: 'పీ' అయితే వ్యక్తి, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ, 'సీ' కంపెనీ, 'టీ' ట్రస్టు. వ్యక్తి అయితే అయిదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. ధర్మవరంలో పట్టుచీరల షాపు ఉన్న ఒకాయన సొంతంగా కొంత, షాపు తరఫున కొంత ఇచ్చాడనుకోండి, ఫోన్ ఒకటే, చిరునామా ఒకటే, కానీ షాపు ఇద్దరు అన్నదమ్ముల భాగస్వామ్యం అయితే పాన్‌లో నాలుగో అక్షరం 'ఎఫ్' ఉంటుంది, ఆ రెండు రికార్డులూ రెండుగానే ఉండాలి. షాపు ఆయన ఒక్కడిదే అయితే పాన్ కూడా ఆయనదే, కలపొచ్చు.

పేర్ల దగ్గరికి వస్తే, ఇంగ్లిష్‌లో ఎంట్రీ చేసిన తెలుగు పేర్లంత గజిబిజి ఇంకెక్కడా ఉండదు. లక్ష్మీదేవి అనే పేరులో 'కె' ముందు రాసినవాళ్లు, వెనక రాసినవాళ్లు, లక్ష్మి ఒక ముక్క దేవి ఒక ముక్కగా రాసినవాళ్లు, దీర్ఘానికి 'ఐ' ఒకటి పెట్టేవాళ్లు, 'ఈ' రెండు పెట్టేవాళ్లు. వెంకటేశ్వర్లు గురించి చెప్పనే అక్కర్లేదు. షేక్ అనే పేరు చివర 'హెచ్' ఉన్నదీ లేనిదీ, 'ఎస్ కె' అని చుక్కలతో కుదించింది, మహమ్మద్ అయితే 'ఎండీ' కూడా. వీటిని కంటితో వెతికితే పని తెమలదు. ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి దాతల వివరాలు బయటి సర్వర్‌కు పోవు, చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకోవచ్చు. దాంట్లో క్లస్టర్ అనే సౌకర్యం ఒకేలాంటి పేర్లను గుంపులుగా చూపిస్తుంది. ఫింగర్‌ప్రింట్ పద్ధతి చుక్కలు తీసేసి, ముక్కల్ని అక్షరక్రమంలో పెట్టి పోలుస్తుంది, కాబట్టి 'కె' ముందున్నా వెనకున్నా ఒకే గుంపులో పడుతుంది. ముక్కల మధ్య ఖాళీ తేడా ఉన్నవి ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్‌లో దొరుకుతాయి, ఒకటి రెండు అక్షరాల తేడా ఉన్నవి లెవెన్‌స్టైన్‌లో. ఉచ్చారణను బట్టి కలిపే మెటాఫోన్ లాంటివి ఇంగ్లిష్ వాళ్ల పలుకుబడికి కట్టినవి, మన పేర్లకు వాటి మీద ఆశ పెట్టుకోకండి.

దానికంటే ఎక్సెల్‌లోనే మనకు తగ్గ 'పోలిక పేరు' కాలమ్ ఒకటి తయారు చేసుకోవడం మేలని నా అభిప్రాయం. అసలు పేరును ముట్టుకోకుండా కాపీ తీసుకుని, శ్రీ, శ్రీమతి, డాక్టర్, గారు, సార్ అన్నవి తీసేసి, 'టీ-హెచ్' ఉన్నచోట 'టీ', 'డీ-హెచ్' ఉన్నచోట 'డీ', 'ఎస్-హెచ్' ఉన్నచోట 'ఎస్', 'డబ్ల్యూ' ఉన్నచోట 'వీ', రెండు 'ఈ'లకు ఒక 'ఐ', రెండు 'ఓ'లకు ఒక 'యూ', రెండు 'ఏ'లకు ఒకటి, ఇలా ఫైండ్ అండ్ రీప్లేస్ చేసి, ఆఖరున ఖాళీలన్నీ తీసేయండి. చదవడానికి ఆ కాలమ్ ఘోరంగా ఉంటుంది, ఉండనీండి, అది కంప్యూటర్ పోల్చుకోవడానికే. తెలుగు లిపిలో టైప్ చేసిన పేర్లున్నవాళ్లకు ఇంకో చిక్కు: కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు ఎక్సెల్‌కు వేరుగా ఉంటాయి, ఎందుకంటే పొల్లు తర్వాత కనిపించని నాన్-జాయినర్ అక్షరం ఒకదాంట్లో ఉంటుంది. సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204 ఇచ్చి, దాని బదులు ఏమీ పెట్టకుండా (స్పేస్ కూడా వద్దు) మారిస్తే పోతుంది. వెబ్ పేజీల నుంచి పేస్ట్ చేసినవాటిలో వచ్చే మొండి స్పేస్ ట్రిమ్‌కు లొంగదు, దానికి చార్ 160.

ఊర్ల పేర్లకు ఒక పక్కా జాబితా పెట్టుకోండి. అనంతపురం, అనంతపురము, అనంతపూర్, తాడిపత్రి, తాడపత్రి, పల్లి అన్నది పల్లె అని రాసినవి, ఇవన్నీ వేర్వేరు ఊర్లుగా ఉండిపోతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ, మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, అంతకుముందు ఎక్కిన రికార్డుల్లో వాళ్లది అనంతపురం జిల్లానే. జిల్లా కలవలేదని ఇద్దరు మనుషులనుకోకండి, పిన్ కోడ్ చూడండి, హిందూపురం అప్పుడూ ఇప్పుడూ 515201. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు చాలా మండలాల్లో ఉంటాయి కాబట్టి మండలం కాలమ్ తప్పనిసరి.

మీరు సివీసీఆర్‌ఎం (సంస్థల కాంటాక్టులు, విరాళాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే డూప్లికేట్లు వెతికే రూల్స్ అందులోనే ఉంటాయి, ఒక్కో వివరానికి ఇన్ని మార్కులు, మొత్తం ఇంత దాటితే డూప్లికేట్ అని. దాంతో వచ్చే రూల్స్ ఎక్కువగా ఈమెయిల్ మీద ఆధారపడతాయి, మన లిస్టులకు అవి దాదాపు ఏమీ పట్టివ్వవు, ఫోన్‌కు ఎక్కువ, ఇంటిపేరుకు, ఊరికి తక్కువ మార్కులు ఇచ్చి సొంత రూల్ రాసుకోండి. పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు జంట వచ్చినప్పుడు డూప్లికేట్ కాదు అని మార్క్ చేసే సౌకర్యం ఉంది, అది వాడితే మళ్లీ మళ్లీ అదే జంట ముందుకు రాదు. ఎక్సెల్‌లో అయితే దీనికోసం ఒక కాలమ్ పెట్టి 'వేరే మనిషి, ఫలానా వాళ్లు చెప్పారు' అని రాయండి.

తేలనివి ఫోన్ చేసి అడగాల్సిందే. అంతకంటే ముందు ఆ ఊరు తెలిసిన మీ కార్యకర్త ముందు ప్రింట్ తీసి పెట్టండి, సగం అక్కడే తేలిపోతాయి, 'ఆయప్ప ఈయప్ప ఒకరు కాదు సార్, చిన్నాయన కొడుకు' అని చూడగానే చెప్పేస్తారు. మిగిలినవాళ్లకు చేసేటప్పుడు మీ దగ్గరున్న వివరాలు చదివి వినిపించి అవునా అని అడగొద్దు, ఎత్తింది ఎవరో మీకు తెలీదు, పైగా మర్యాదకైనా అవునంటారు. 'అన్నా, ఫలానా సంస్థ నుంచి మాట్లాడుతున్నాం, మా పుస్తకంలో మీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాం, పూర్తి పేరు, ఊరు ఒకసారి చెప్తారా' అని వాళ్లతోనే చెప్పించండి. ఓటీపీ, ఆధార్ నంబరు అడగకండి, మోసపు కాల్స్‌తో జనం ఇప్పటికే బెదిరిపోయి ఉన్నారు. కొన్ని ఇళ్లలో ఆ మనిషి ఇప్పుడు లేడని చెబుతారు. ఆ రికార్డు తీసేయకండి, కాలం చేశారని గుర్తు పెట్టి, ఉత్తరాలు, మెసేజ్‌లు ఆపేయండి. ఆ ఇంటికి ఆయన పేరు మీద శిబిరానికి రమ్మని ఇంకోసారి మెసేజ్ పోకుండా చూడడం ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది.

ఖాయమైన జంటల్ని కలిపేటప్పుడు ఒక రికార్డును ఉంచేదిగా ఎంచుకుని, రెండోదాంట్లో ఉన్నదంతా ఇటు తెచ్చాకే దాన్ని పక్కకు పెట్టండి. ఫోన్, చిరునామా కొత్తవి పైకి, పాతవి 'పాత ఫోన్', 'పాత చిరునామా' కాలమ్‌లలోకి. చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ రెండింటిలో ఏది దగ్గరిదైతే అది. విరాళాల్ని కూడి ఒక అంకె చేయొద్దు, ఒక్కో రసీదు నంబరు, తేదీ, మొత్తం విడివిడిగా కొత్త రికార్డు కిందికి రావాలి. ఒకదాంట్లో ఫోన్ చేయొద్దు అని ఉండి, రెండోదాంట్లో ఏమీ లేకపోతే, చేయొద్దు అన్నదే చెల్లుతుంది. బ్లడ్ గ్రూపులు ఒకదాంట్లో ఓ పాజిటివ్, ఇంకోదాంట్లో ఓ నెగెటివ్ ఉంటే రెండూ కొట్టేసి 'కార్డు చూసి రాయాలి' అని పెట్టండి, ఎక్కించే ముందు బ్లడ్ బ్యాంకు ఎలాగూ పరీక్ష చేస్తుంది కానీ, నెగెటివ్ అని నమ్మి పిలిస్తే అవసరం ఉన్నవాళ్లకు ఆ సమయం పోతుంది. 10బీడీ ఇప్పటికే వేసేసిన సంవత్సరం రసీదుల మీద పేర్లు దిద్దొద్దు, ఆడిటర్‌ను అడక్కుండా అసలే వద్దు.

పక్కకు పెట్టిన రికార్డుల పాత నంబరు, అది కలిసిన కొత్త నంబరు, కలిపినవాళ్ల పేరు, తేదీ ఒక షీట్‌లో రాయండి. ఆడిట్ అప్పుడు పాత రసీదు మీదున్న నంబరు పట్టుకుని ఎవరైనా అడిగితే జవాబు అందులోనే దొరుకుతుంది. ఆడిట్ అయ్యాక, పన్ను కోసం ఉంచాల్సినవి ఉంచి, అక్కర్లేని కాపీలు నిజంగానే తీసేయండి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది, మన వివరాలు సరిచేయండి, తీసేయండి అని అడిగే హక్కు జనానికి అందులో రాసి ఉంది, పాత షీట్లు పది మంది వాలంటీర్ల ఫోన్లలో తిరుగుతుంటే మీరు ఆ మాట నిలబెట్టుకోలేరు.

మళ్లీ పేరుకోకుండా ఉండాలంటే, కొత్త ఎంట్రీ చేసే ముందు 10 అంకెల ఫోన్‌తో వెతకడం అలవాటు చేయండి, గూగుల్ ఫారంలో వచ్చినవాటిని నేరుగా అసలు లిస్టులో కలపకుండా నెలకోసారి ఒకే మనిషి చూసి చేర్చేలా పెట్టండి. శిబిరం కాగితంలో పేరు అని ఒకే గీత కాకుండా ఇంటిపేరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, మండలం విడివిడిగా గళ్లు వేయించండి, ఫోన్‌కు 10 గళ్లు, పక్కన 'ఈ ఫోన్ ఎవరిది: నాది, ఇంట్లోవాళ్లది' అని రెండు టిక్కులు. మీ తర్వాతి శిబిరానికి కాగితాలు ప్రింటింగ్‌కు ఇచ్చేలోపే ఈ మార్పు చేయించండి.